గ్రేడ్ 8 అయింది, ఇక పియానోతో బతకొచ్చా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. సికింద్రాబాద్‌లో ఉంటాం. బీకాం చివరి ఏడాది. తొమ్మిదో ఏట పియానో మొదలుపెట్టి లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల్లో చివరి గ్రేడు, గ్రేడ్ 8, డిస్టింక్షన్‌తో పూర్తిచేశాను. ఇంట్లో 88 మెట్ల డిజిటల్ పియానో ఉంది. ఆరుగురు పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. కచేరీ పియానిస్టు కావాలని నా కోరిక. నాన్నేమో "దీంతో ఇల్లు గడుస్తుందా?" అంటారు. అమ్మ "అమెరికా సంబంధం కుదిరితే అక్కడ ఇంట్లోనే పిల్లలకు నేర్పుకోవచ్చు కదా" అంటుంది. ఇప్పుడు డిప్లొమా చేయాలా, మాస్టర్స్‌కి విదేశాలకు వెళ్లాలా? ఈమధ్య గంటసేపు వాయిస్తే కుడి మణికట్టు నొప్పి పెడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మణికట్టు సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని తర్వాతే.

నొప్పి మొదలైన చోట ఆపెయ్యండి. కాస్త ఓర్చుకుంటే చెయ్యి అలవాటు పడుతుందని ఎవరైనా అంటే వినకండి. రెండు వారాలపాటు ఆక్టేవ్‌లు (ఒకే స్వరాన్ని కింది, పై స్థాయుల్లో కలిపి కొట్టడం), పెద్ద కార్డ్‌లు (కొన్ని స్వరాలు ఒకేసారి కొట్టడం) పక్కన పెట్టి, 25 నిమిషాలకోసారి లేచి చేతులు వదులు చేసుకోండి. ఈలోగా టేపు తీసుకుని నేల నుంచి తెల్లమెట్ల పైభాగం దాకా కొలవండి. మామూలు పియానోకి అది 72 నుంచి 74 సెంటీమీటర్లు. డిజిటల్ పియానోని డైనింగ్ టేబుల్ మీద పెట్టి వాయిస్తే అదే ఎత్తు 85 దాకా పోతుంది. అప్పుడు మోచేయి మెట్ల కంటే కిందికి దిగిపోయి మణికట్టు వంగిపోతుంది, స్నాయువులు ఆ వంపులోనే రాపిడికి గురవుతాయి. ముందు సరైన స్టాండు కొనండి. మోచేయి మెట్లతో సమానంగానో, ఒక అంగుళం పైనో ఉండేలా స్టూలు సరిచేసుకోండి.

రెండో కారణం చాలామందికి తట్టదు. అది వాల్యూమ్. ఇంట్లోవాళ్లకు ఇబ్బందని శబ్దం బాగా తగ్గించి వాయిస్తే చెవికి చాలదు, చెవికి చాలనప్పుడు వేళ్లు తెలియకుండానే గట్టిగా కొడతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని శబ్దం మామూలు స్థాయిలో ఉంచండి. ఇవి సరిచేశాక కూడా రెండు వారాల్లో నొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, ఉంగరపువేలు, చిటికెనవేలు వాటంతటవే లోపలికి ముడుచుకుంటున్నా ఒక్కరోజు కూడా ఆగవద్దు. లియాన్ ఫ్లైషర్ అంతటి పియానిస్టుకి 1960ల నడుమ, నలభై నిండకముందే, కుడిచేతి వేళ్లు అలా ముడుచుకుపోయాయి. దశాబ్దాలపాటు ఆయన ఎడమచేతి రచనలు వాయిస్తూ, పాఠాలు చెప్తూ, ఆర్కెస్ట్రాలు నడుపుతూ గడిపారు.

ఇక మీ కోరిక. సోలో కచేరీల మీదే బతికేవాళ్లు ప్రపంచం మొత్తంలో చాలా కొద్దిమంది. వార్సాలో ఐదేళ్లకోసారి జరిగే షోపాన్ పోటీకి 16 నుంచి 30 ఏళ్ల వాళ్లు అర్హులు. వడపోతలన్నీ అయ్యాక అసలు పోటీ మొదటి రౌండుకు చేరేది ఎనభై పైచిలుకు మంది. వాళ్లలో ఎక్కువమంది నాలుగైదేళ్ల వయసులోనే మొదలుపెట్టి, పదేళ్లకల్లా సంగీతం కోసమే ఉన్న బడుల్లో చేరినవాళ్లు. మీరు 21 ఏళ్ల వయసులో ఆ వరుసలో నిలబడాలంటే కుదరదని సూటిగానే చెప్తున్నాం. కానీ పియానిస్టు జీవితానికి అదొక్కటే దారి కాదు, అన్నిటికన్నా గొప్ప దారి కూడా కాదు.

మెనహెమ్ ప్రెస్లర్ జీవితం చూడండి. 1923లో జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో పుట్టారు. నాజీల బారినుంచి తప్పించుకుని కుటుంబంతో పాలస్తీనా చేరారు. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెబ్యుసీ పోటీ గెలిచారు. సోలో తలుపు తెరుచుకున్న మనిషి ఆయన. అయినా 1955లో వయొలిన్ విద్వాంసుడు డానియెల్ గిలె, చెలో విద్వాంసుడు బెర్నార్డ్ గ్రీన్‌హౌస్‌లతో కలిసి బోజార్ ట్రియో మొదలుపెట్టారు. అదే ఏడాది ఇండియానా యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి చేరారు. ట్రియోలో వయొలిన్, చెలో చేతులు మారుతూ వచ్చాయి గానీ 2008లో అది ముగిసేదాకా పియానో దగ్గర మాత్రం ఆయనే. పాఠాలు ఆ తర్వాతా సాగాయి. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో ఆయన సోలోయిస్టుగా తొలిసారి వాయించింది 2014లో, అంటే తొంభయ్యో ఏట. మనకు దగ్గర్లోనూ ఉన్నారు. చెన్నై పియానిస్టు అనిల్ శ్రీనివాసన్ గాయకుడు సిక్కిల్ గురుచరణ్‌తో కలిసి కచేరీలు చేస్తూనే, రాప్సడీ సంస్థ ద్వారా బడుల్లో సంగీతం నేర్పిస్తున్నారు. పాఠాలు, తోటి కళాకారులతో కచేరీలు, అప్పుడప్పుడు సోలో: మీరు ఎక్కువకాలం నిలబడగలిగేది ఈ మూడూ కలిసిన జీవితంలోనే. మీకు లేనిది మధ్యది.

గ్రేడ్ల దారి దాన్ని నేర్పదు. లెక్క వేయండి. ఒక్కో గ్రేడుకి మూడు రచనలు, ఎనిమిది గ్రేడ్లకు 24. పరీక్షకు కావలసినంతే నేర్చుకుంటూ వచ్చిన విద్యార్థి పన్నెండేళ్లలో ఆ 24 మాత్రమే వాయించి ఉంటాడు. సగటున ఒక్కోటి ఆరు నెలలు అరగదీసి ఉంటాడు. వయొలిన్ వాయించేవాళ్లతో పనిచేసే పియానిస్టుకి పరీక్షల నెలలో మూడు వారాల ముందు పదిహేను రచనలు చేతికొస్తాయి. ఇదీ మీరు పూడ్చుకోవలసిన తేడా.

అందుకే ఇవాళ్టి నుంచి రోజూ 20 నిమిషాలు చూసి వాయించడానికి కేటాయించండి. గ్రేడ్ 5 స్థాయికి మించని కొత్త పేజీలు ఎంచుకోండి. మెట్రోనోమ్ నెమ్మదిగా పెట్టి, ఒకసారి మొదలుపెడితే చివరిదాకా ఆగకూడదు. తప్పు పడితే పడనివ్వండి, వెనక్కి వెళ్లి దిద్దవద్దు. ఏది వదిలినా తాళం, కింది స్వరం వదలకూడదు. రెండోసారి వాయించకుండా పేజీ తిప్పేయండి. సోలో అలవాటున్నవాళ్లు మొదటి రిహార్సల్‌లోనే దొరికిపోయేది ఇక్కడే. తప్పు వినపడగానే చెయ్యి ఆగుతుంది, వయొలిన్ ముందుకెళ్లిపోతుంది, ఇక కలవడం కష్టం. మీ దగ్గర్లోని చర్చిలో గాయకబృందం నాలుగు గొంతుల కీర్తనలు పాడుతుంటే ఆదివారాలు అక్కడ వాయించడానికి అడగండి. నాలుగు వరుసలు ఒక్కచూపులో చదవడం, పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట తాను కూడా ఆగడం, "ఒక స్వరం కిందికి దించమ్మా" అంటే అక్కడికక్కడే శ్రుతి మార్చడం, ఈ మూడూ ఏ డిప్లొమా కంటే బాగా అక్కడ వస్తాయి. పాత స్కోర్లు, అంటే స్వరాలు రాసిన కాగితాలు, ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇంకో పియానో విద్యార్థి తోడు దొరికితే ఒకే పియానో మీద నాలుగు చేతుల రచనలు వాయించండి. మోత్సార్ట్ డి మేజర్ సొనాటా (కొన్ని ఖండాలున్న వాద్యరచన), కె. 381, మొదటికి బాగుంటుంది. కె., ఓపస్ అనేవి రచనను గుర్తించే జాబితా సంఖ్యలు.

తర్వాత వయొలిన్. ద్వొర్జాక్ సొనటీనా, ఓపస్ 100; షూబర్ట్ 1816లో రాసిన మూడు చిన్న సొనాటాలు; మోత్సార్ట్ ఇ మైనర్, కె. 304. ఇవి చేతికి తేలిక, చెవికి కాదు. ఆ తర్వాతే బేతొవెన్ ఓపస్ 24. ఫ్రాంక్ సొనాటా ఇప్పుడే ముట్టుకోవద్దు. అందులో పియానో పని, ముఖ్యంగా సొనాటా రెండో ఖండంలో, పెద్ద కచేరీ రచనకు తీసిపోదు. మీ మణికట్టు దానికి సిద్ధంగా లేదు.

రిహార్సల్‌కి వెళ్లేముందు మీ భాగం ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు. వయొలిన్ వరుస పాడుతూ మీ ఎడమచేతిని వాయించండి. పాడలేని చోటే రేపు తప్పిపోతారు. కర్ణాటక కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి నోటివంక చూస్తూ సంగతి అందుకుంటాడే, మీక్కావలసింది ఆ చెవి. పాట అయితే ఇంకో సంగతి ఉంది. గాయని "స్త్ర" లాంటి హల్లులతో మొదలుపెడితే ఆ హల్లులు తాళానికి ముందే పలుకుతాయి. మీ కార్డ్ పడవలసింది అచ్చు దగ్గర. హల్లు వినగానే వాయిస్తే ప్రతి పాదంలో మీరే ముందు పరిగెత్తినట్టుంటుంది.

కొన్ని చిన్న విషయాలు కూడా పనిని చెడగొడతాయి. పియానోని అప్పటికప్పుడు శ్రుతి చేయలేం కాబట్టి వయొలినే పియానోకి కలుపుకోవాలి. హాల్లో డిజిటల్ ఉంటే దాని శ్రుతి (ఎ స్వరం) 440 హెర్ట్జ్‌లో ఉందో 442లో ఉందో మీరే ముందు చూసుకోండి. బి-ఫ్లాట్ క్లారినెట్ కాగితంలో సి అని ఉంటే వినపడేది బి-ఫ్లాట్. అది తెలియక "నువ్వు తప్పు వాయిస్తున్నావు" అని వాదించుకునే రిహార్సళ్లు చాలా ఉంటాయి. చెలోతో వాయించేటప్పుడు మీ ఎడమచేయి, చెలో ఒకే స్థాయి స్వరాల్లో తిరుగుతాయి, కాబట్టి పెడల్ సగానికి తగ్గించండి, ఎడమచేతిని పలుచన చేయండి. గ్రాండ్ పియానో మూత మూసేస్తే సరిపోతుందనుకోవద్దు. మూస్తే శబ్దంతోపాటు స్పష్టత కూడా పోతుంది. చిన్న కర్ర మీద తెరిచి ఉంచి, చేతితో తగ్గించుకోవడం నేర్చుకోండి.

మెండెల్సన్ వయొలిన్ కన్చెర్టో (ఒక వాద్యం ముందు, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన) లాంటివి వచ్చినప్పుడు మీ ముందున్నది ఆర్కెస్ట్రాని పియానోకి కుదించిన కాగితం. అందులో ఉన్న ప్రతి స్వరం వాయించాలని ఎవరూ అడగరు. కింది వరుస, లయ, సోలోయిస్టు వినవలసిన రాగవరుస ఉంచి, రెట్టింపు ఆక్టేవ్‌లు, వణుకుడు కార్డ్‌లు తీసేయండి. ఏది తీయాలో పెన్సిల్‌తో ముందే గుర్తుపెట్టుకోండి.

డబ్బు మొదట వచ్చేది కూడా ఇక్కడే. వయొలిన్, చెలో, గాత్రం గ్రేడు పరీక్షలు రాసే పిల్లలకు పియానో తోడు కావాలి, తోడు వాయించేవాళ్లు మన ఊళ్లలో తక్కువ. మీ ప్రాంతంలోని వయొలిన్ టీచర్లను కలిసి, పరీక్షలకు నాలుగు నెలల ముందే చెప్పి ఉంచండి. రెండు రిహార్సళ్లు, పరీక్షరోజు, అక్కడ వేచి ఉండే సమయం, ఈ మూడింటికీ విడివిడిగా ధర చెప్పండి. స్కోరు మూడు వారాల ముందు చేతికి రావాలని, పిల్లవాడు వాడే ప్రచురణే కావాలని అడగండి. రెండు ప్రచురణల్లో పునరావృత్తులు వేరుగా ఉంటే పరీక్ష గదిలో ఇద్దరూ చెరో పేజీలో ఉంటారు.

పాఠాలకొస్తే, ఆరుగురితో మొదలవడం మంచిదే. నెల ఫీజు ముందుగా తీసుకోండి. క్లాసు మానేస్తే 24 గంటల ముందు చెప్పాలన్న నియమం కాగితం మీద రాసి ఇవ్వండి. మొహమాటానికి పోయి నోటిమాటగా వదిలేస్తే మూడో నెలకల్లా గొడవే. ఆరేడేళ్ల పిల్లలకు అరగంట చాలు. కాళ్ల కింద పీట వేయండి. కాళ్లు వేలాడుతుంటే భుజాలు బిగుసుకుంటాయి. 61 మెట్ల తేలిక కీబోర్డు మీద మొదటి గ్రేడు దాకా నెట్టుకురావచ్చు, ఆపైన వేళ్లకు బలం రాదు, పెడల్ నేర్పలేరు. ఆ మాట తల్లిదండ్రులకు చేర్చుకునేరోజే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, మీకు జరిగింది వాళ్లకు జరగనివ్వకండి. ఏడాదికి మూడు పరీక్ష రచనలు కాదు, ఒక్కో పేజీవి ఇరవై అయినా వాయించాలి. తెలిసిన పాటని చెవితో పట్టుకుని మెట్ల మీద వెతుక్కోవడానికి ప్రతి క్లాసులో ఐదు నిమిషాలు ఇవ్వండి.

చదువు గురించి. మాస్టర్స్‌కి ముందు సంగీతంలోనే బ్యాచిలర్ చేసి ఉండాలని చాలా కళాశాలలు అడుగుతాయి. మీ బీకాం అందుకు సరిపోదు. ట్రినిటీ డిప్లొమాల్లో ఎల్‌టీసీఎల్ బ్రిటన్ లెక్కలో ఆరో స్థాయి, అంటే డిగ్రీ చివరి ఏడాదితో సమానం. ఏటీసీఎల్ నాలుగో స్థాయి. కొన్నిచోట్ల ఎల్‌టీసీఎల్‌ని పరిగణిస్తారు గానీ దరఖాస్తుకు ముందే ఉత్తరం రాసి కనుక్కోవాలి. మా సలహా: ఈ ఏడాది డిప్లొమా కట్టకండి. పైన చెప్పిన, తోటివాళ్లతో కలిసి వాయించే పని పన్నెండు నెలలు చేసి, ఆ తర్వాత ఎల్‌టీసీఎల్‌కి వెళ్లండి. దగ్గర్లో చదవాలనుకుంటే 2008లో ఏ.ఆర్. రెహమాన్ చెన్నైలో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. వెళ్లి చూసి, అక్కడి పియానో టీచరు దగ్గర ఒక్క క్లాసైనా తీసుకుని నిర్ణయించుకోండి.

జర్మనీ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలా రాష్ట్రాల్లో ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి దేశాలవాళ్లు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఫీజు లేకపోయినా 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసాకి ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో (నెలకింత చొప్పునే తీసుకోగల ఖాతా) చూపించాలి. జర్మన్ భాష కావాలి, చెవి పరీక్ష, థియరీ పరీక్ష ఉంటాయి. వాయించవలసినవి కళాశాలను బట్టి మారినా చట్రం ఒకటే: బాఖ్ ప్రెల్యూడ్, ఫ్యూగ్, హైడన్, మోత్సార్ట్, బేతొవెన్‌లలో ఒకరి సొనాటా, ఒక ఎట్యూడ్, రొమాంటిక్ కాలంది ఒకటి, ఇరవయ్యో శతాబ్దానిది ఒకటి. అన్నీ కంఠస్థం. మీకు ఏడాదిన్నర పట్టే పని ఇది. బ్రిటన్ కన్సర్వేటరీలకు దరఖాస్తు గడువు చేరే ఏడాదికి ముందటి అక్టోబరు మొదట్లోనే ముగుస్తుంది. అమెరికాలో పేరున్న చోట్ల డిసెంబరు 1, దానికి తోడు ముందుగా వీడియో పంపాలి. ఆ వీడియో మీ డిజిటల్ మీద తీయవద్దు. మంచి గ్రాండ్ ఉన్న గది గంటకు అద్దెకు తీసుకుని, చేతులూ ముఖమూ కనపడేలా పక్కనుంచి, మధ్యలో కోత లేకుండా తీయండి. ఫోన్‌లో శబ్దాన్ని దానంతటదే సర్దే అమరికను ఆపేయండి, లేకపోతే మీరు మెత్తగా వాయించిందీ, గట్టిగా వాయించిందీ ఒకేలా వినపడతాయి.

వెళ్తే ఏం చదవాలన్నదానికి కూడా మా జవాబు సోలో కాదు. అమెరికాలో కొలాబరేటివ్ పియానో అనీ, జర్మనీలో కొరెపెటిత్సియోన్ అనీ, తోటి కళాకారులకు తోడు వాయించడం నేర్పే మాస్టర్స్ కోర్సులు ఉన్నాయి. ఈ విద్యలో మొదటి డిగ్రీ 1947లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో గ్వెండలిన్ కొల్డోఫ్‌స్కీ మొదలుపెట్టారు. ఒపెరా హౌసులు, నాట్య పాఠశాలలు, గాత్ర తరగతులు, అన్నిచోట్లా జీతం మీద పియానిస్టు కావాలి.

విద్యార్థి వీసా మీద సంపాదన గురించి స్పష్టంగా తెలుసుకుని వెళ్లండి. బ్రిటన్‌లో విద్యార్థి సొంతంగా పాఠాలు చెప్పి డబ్బు తీసుకోకూడదు, వృత్తి కళాకారిణిగా కచేరీకి డబ్బు తీసుకోకూడదు. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు ఉద్యోగం చేయొచ్చు గానీ సొంతంగా ప్రైవేటు పాఠాలు చెప్పాలంటే విదేశీయుల కార్యాలయం అనుమతి కావాలి.

అమ్మగారి మాటకి జవాబు కూడా ఇక్కడే ఉంది. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి భార్యకు ఇచ్చేది) మీద వెళ్తే పని అనుమతి పత్రం లేకుండా ఇంట్లో ఒక్క పిల్లవాడికి డబ్బు తీసుకుని నేర్పినా అది అనుమతి లేని పనే. ఆ పత్రం హెచ్-4 ఉన్న అందరికీ రాదు. గ్రీన్‌కార్డు కోసం భర్త తరఫున వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొంది ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల ఆరేళ్ల పరిమితి దాటాక కూడా ఆయన హెచ్-1బి పొడిగింపు అయి ఉండాలి. సంబంధం మాట్లాడేటప్పుడే ఇది అడగండి. పెళ్లయ్యాక తెలిస్తే ఏళ్లతరబడి సంపాదన లేకుండా ఉండవలసి రావచ్చు.

నాన్నగారి ప్రశ్నకి కాగితం మీద జవాబివ్వండి. పిల్లలు బడి నుంచి వచ్చేది సాయంత్రం నాలుగున్నరకి, చదువులకు లేచేది ఎనిమిదిన్నరకి. అంటే వారానికి ఐదు రోజులు నాలుగేసి గంటలు, శనివారం ఇంకో ఐదు, మొత్తం 25 గంటలు. అంతకు మించి పాఠాలు చెప్పలేరు, చెప్తే మీ సాధన పోతుంది. ఏడాదిని పన్నెండు నెలలుగా లెక్కించకండి. వేసవి సెలవుల్లో పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి పది నెలలే వేయండి. ఆ పది నెలల పాఠాల ఆదాయం ఒక వరుసలో, పరీక్షల తోడు వాయింపులు ఇంకో వరుసలో, చర్చిలూ పెళ్లిళ్లూ మూడో వరుసలో రాయండి. ఎదురుగా స్కోర్లు, ప్రయాణాలు, మీ సొంత టీచరు ఫీజు, రేపు కొనబోయే పియానోకి ఏడాదికి రెండుసార్లు ట్యూనింగ్ రాయండి. ఆరుగురు పిల్లలతో ఆ లెక్క తేలదు. పద్దెనిమిది మందిని చేర్చుకోవడానికి మీ పేటలో ఎంతకాలం పడుతుందో, అప్పటిదాకా బీకాంతో సగంపూట ఉద్యోగం దొరుకుతుందో లేదో, ఆ రెండింటికీ తారీఖులు వేసి ఆయన ముందు పెట్టండి.